కుచ్చులు లెక్కపెట్టిన కాలం

ఒరేయ్, ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. గ్లాస్గోలో నీతో చదివినవాడి పెళ్ళికి నువ్వు కూడా కిల్టు కట్టుకుంటావట గదా, మీ అమ్మ చెప్పింది. సంతోషం. అద్దెకిచ్చే కొట్టువాడు కిల్టుతో పాటు బొడ్డు కింద వేలాడే తోలు తిత్తి, మేజోట్లో దోపుకునే చిన్న కత్తి, మోకాలి కింద ఎర్ర రిబ్బను, అంచుకి గుచ్చే పిన్నీసు, అన్నీ పెట్టెలో సర్ది ఇస్తాడు. నువ్వు అన్నీ తగిలించుకుని ఫోటో దిగుతావు. ఏది ఎందుకుందని ఎవరైనా అడిగితే మాత్రం నీళ్ళు నములుతావు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. నువ్వు అడక్కుండానే చెబుతున్నా గనక నాకా బాధ లేదు.

ఆ సరంజామాలో చాలాభాగం పెళ్ళిళ్ళలో పుట్టింది కాదురా. పటాలాల్లో పెరిగింది. ఏ వస్తువు తీసుకున్నా దాని జాతకం ఒక్కలాగే ఉంటుంది. మొదట అవసరం. అవసరం తీరిపోయాక పైనుంచి ఆర్డరు. ఆర్డరు పాతబడ్డాక కథ. కథ పుట్టిందా, ఇక ఆ వస్తువుని బ్రహ్మదేవుడు కూడా ఊడబెరకలేడు.

మొదట్లో స్కాట్లండ్ కొండసీమ వాళ్ళకి కిల్టూ లేదు, కుట్టుపనీ లేదు. ఉన్నదల్లా ఒక పొడుగాటి ఉన్ని దుప్పటి. తెల్లారగానే దాన్ని నేలమీద పరిచేవాళ్ళు. మధ్యలో కుచ్చిళ్ళు పోసి, కింద బెల్టు దూర్చి, దానిమీద వెల్లకిలా పడుకుని, రెండు కొసలూ పొట్టమీదికి తెచ్చి బెల్టు బిగించి లేచేవాళ్ళు. నడుం కింది భాగం లంగాలా వేలాడేది. పైభాగం భుజంమీదికి వెళ్ళేది. వానొస్తే అదే గొడుగు, రాత్రయితే అదే పక్క. జేబులు లేవు గనక ముందో తోలు తిత్తి కట్టుకునేవాళ్ళు. అందులో నాలుగు గుప్పెళ్ళ ఓట్సు పిండీ, ఉంటే గింటే నాలుగు కాసులూ. పై సగం కోసేసి కింది సగం మాత్రమే కుట్టుకునే చిన్న కిల్టు పద్దెనిమిదో శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. అది మొదట కుట్టించింది ఒక ఇంగ్లీషు ఇనుప కొలిమి యజమాని అని ఇంగ్లీషువాళ్ళు, కానే కాదని స్కాట్లు ఇప్పటికీ కొట్టుకుంటారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వాళ్ళ తగవులో మనం తలదూర్చొద్దు.

ఈ కొండవాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచడానికి 1725లో జనరల్ వేడ్ అనే దొర అక్కడివాళ్ళతోనే కొన్ని దళాలు కట్టాడు. 1739లో అవన్నీ కలిపి ఒక పటాలం చేశారు. మరుసటేడు ఆబర్‌ఫెల్డీ అనే ఊళ్ళో టే నది ఒడ్డున మొదటిసారి బారులు తీరారు. అదే బ్లాక్ వాచ్. ముదురు ఆకుపచ్చ, నీలం, నలుపు గళ్ళ టార్టన్ చూశావు చూడూ, ఇప్పుడు బళ్ళో పిల్లల స్కర్టుల మీద కూడా కనిపిస్తుందే, అది వీళ్ళ యూనిఫారమే.

1746 ఏప్రిల్ 16న కలోడెన్ దగ్గర స్టువర్ట్ రాకుమారుడి తిరుగుబాటు మట్టిగొట్టుకుపోయింది. లండన్ ప్రభుత్వానికి గుండెదడ తగ్గలేదు. మనుషుల్ని గెలిచాక వాళ్ళ బట్టలమీద పడ్డారు. రాజు తలచుకుంటే దెబ్బలకి కొదవా? కొండసీమ బట్ట కడితే మొదటిసారి ఆరునెలలు జైలు, రెండోసారి దొరికితే సముద్రం దాటించి ఏడేళ్ళు తోటల్లో చాకిరీ. 1747 నుంచి 1782 దాకా, ముప్పై అయిదేళ్ళు, ఈ చట్టం నడిచింది. తాత కట్టిన కుచ్చిళ్ళు మనవడికి ఎలా కట్టాలో తెలియకుండా పోవడానికి అంతకాలం చాలు.

అయితే ఆ చట్టంలో ఓ కిటికీ తెరిచి ఉంచారు. రాజుగారి సైన్యంలో చేరినవాడు మాత్రం కిల్టు కట్టొచ్చు. తిరుగుబాటు చేసినవాడి కొడుకు తండ్రి బట్ట కట్టుకోవాలంటే తండ్రిని ఓడించిన రాజు కొలువులో చేరాలన్నమాట. కోటి విద్యలూ కూటికొరకే. కొండల్లో కూడు కరువు, పైగా బట్ట మీద మమకారం. చేరారు, వేలమంది. దాంతో తాతల అలవాట్లు ఇళ్ళలో అటకెక్కి, పటాలాల్లో నిలిచాయి. నిలిచాయంటే, ఉన్నవి ఉన్నట్టు కాదు. పటాలంలో ఏ వస్తువుకైనా కొలత పడుతుంది, రంగు పడుతుంది, లెక్క పడుతుంది, ఆదివారం తనిఖీ పడుతుంది.

సరే, చట్టం రద్దయ్యాక ఏమైందో విను, నవ్వొస్తుంది. 1822 ఆగస్టులో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వచ్చాడు. ఏర్పాట్లన్నీ నవలలు రాసే వాల్టర్ స్కాట్‌వి. నిన్నటిదాకా జైల్లో పెట్టించిన బట్టని ఇప్పుడు రాజే కట్టాలని ఆయన పట్టు. రాజుగారిది భారీ విగ్రహం. కిల్టు పొట్టిగా ఉంది, కాళ్ళకి చర్మం రంగు బిగుతు తొడుగులు వేసుకున్నాడు. కొద్దిరోజులే ఉంటాడు గనక ఎంత ఎక్కువ కనిపిస్తే అంత మంచిదని ఓ దొరసాని చమత్కరించిందట. తరవాత డేవిడ్ విల్కీ గీసిన చిత్రంలో ఆ తొడుగులు కనబడవు, పొట్ట కూడా కొంచెం సర్దుకుంది. చిత్రకారుడు కూడా బతకాలి కదా.

అసలు సంగతి ధర. ఆ వేషానికి, కత్తులూ పిస్తోళ్ళూ తిత్తితో సహా, ఎడిన్‌బరో వర్తకుడు వేసిన బిల్లు 1,354 పౌండ్ల 18 షిల్లింగులు. ఆ రోజుల్లో మామూలు సిపాయి జీతం రోజుకి ఒక షిల్లింగు, అందులోనూ తిండికీ బట్టకీ కోతలు. లెక్కేసుకో. రాజుగారు నాలుగు గడియలు కట్టిన వేషం ఖరీదు సంపాదించడానికి సిపాయి పైసా ఖర్చుపెట్టకుండా డెబ్బై నాలుగేళ్ళు కొలువు చెయ్యాలి.

ఇక తిత్తి సంగతికి వద్దాం. దాన్ని వాళ్ళు స్పారన్ అంటారు. పటాలాల చేతిలో పడ్డాక అది పిండిసంచీ కాకుండా పోయింది. ముందు మేకవెంట్రుకలు, తరవాత గుర్రపువెంట్రుకలు మోకాళ్ళదాకా వేలాడాయి, వాటిమీద కుచ్చులొచ్చాయి. ఎన్ని కుచ్చులంటే, అదిగో, అక్కడే ఉంది కిటుకు. బ్లాక్ వాచ్ వాళ్ళవి తెల్లవెంట్రుకల మీద అయిదు నల్ల కుచ్చులు. గోర్డన్ హైలాండర్లవి తెలుపు మీద రెండు పొడుగాటి నల్ల కుచ్చులు. కామరాన్లవి దానికి తిరగేసి, నలుపు మీద రెండు తెల్ల కుచ్చులు. ఆర్గైల్ అండ్ సదర్లండ్ పటాలం సిపాయిలవి నలుపు మీద ఆరు చిన్న తెల్ల కుచ్చులు. కవాతులో అడుగు పడ్డప్పుడల్లా ఆ ఆరూ ఒక్కసారే అటూ ఇటూ ఊగేవి. ఊగే ఆరు అని వాటికి ముద్దుపేరు కూడా ఉంది. మొహం చూడక్కర్లేదు, టోపీ చూడక్కర్లేదు, నడుం కింద చూసి వీడు ఏ పటాలం వాడో చెప్పేవాళ్ళు.

ఆ ఆర్గైల్ పటాలంలోనే ఆఫీసర్లకీ సార్జెంట్లకీ కుచ్చులతో సరిపోలేదు. వాళ్ళ తిత్తికి మూతగా బ్యాడ్జర్ అనే జంతువు తల, తలంటే నిజం తలే, కళ్ళూ ముక్కూ చెవులతో సహా ఉండేది. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకనబెట్టుకెళ్ళినట్టు, వీళ్ళు యుద్ధానికి బ్యాడ్జర్‌ని బొడ్డు కింద కట్టుకుని బయలుదేరారు. ఆ తలకి దువ్వెన పెట్టడం, తిత్తి వెంట్రుకలు ఉతికి చిక్కుతీయడం, కుచ్చులపైని కప్పులు మెరిసేదాకా తోమడం, సిపాయికి సాయంత్రం పని ఇది. రోజుకి షిల్లింగు జీతగాడు. మింగ మెతుకులేదు మీసాలకి సంపెంగ నూనె అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

కుచ్చిళ్ళలో కూడా కిటుకుందిరోయ్. ఊళ్ళో దర్జీ కిల్టు కుడితే, కుచ్చిళ్ళు పోశాక కూడా గళ్ళు చెదరకుండా వెనకాల బట్ట విప్పి పరిచినట్టు కనబడేలా చూస్తాడు. పటాలం దర్జీ అలా కుట్టడు. గళ్ళలో ఒక చార ఎంచుకుంటాడు. ప్రతి కుచ్చి మధ్యకీ ఆ చారే వచ్చేలా మడుస్తాడు. గోర్డన్ల టార్టన్‌లో పసుపు చార ఉంది. వాళ్ళు నిలబడితే వెనకనుంచి చూసేవాడికి కుచ్చికో పసుపు గీత, సన్నగా, నిటారుగా. బారు మొత్తం గీసినట్టుండేది. ఒక్కడు వంకరగా నిలబడ్డా హవల్దారు కంటికి దొరికిపోయేవాడు. దాక్కోవడానికి వీల్లేని బట్ట అది.

గోర్డన్లంటే గుర్తొచ్చింది. 1794లో ఆ పటాలం కట్టేటప్పుడు గోర్డన్ డచెస్ జేన్ దొరసాని స్వయంగా సంతలకి వెళ్ళింది. పటాలం కోటు వేసుకుని, తలమీద ఈకల టోపీ పెట్టుకుని, పళ్ళమధ్య ఒక గినీ బంగారు నాణెం పట్టుకుని, చేరేవాడు ముద్దుతో అది తీసుకోవచ్చంది. గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు, పైన డచెస్ ముద్దు. ఒక కమ్మరి కుర్రాడు ముద్దు తీసుకుని, బంగారానికి ఆశపడి కాదని చూపించడానికి ఆ గినీని జనంలోకి విసిరేశాడని చెప్పుకుంటారు. వాళ్ళమ్మ ఏమందో ఎవరూ రాయలేదు. గినీ అంటే మాటలా, మరి! సరే, ఎక్కడికో పోయాను. చెప్పేది బట్టల గురించి.

గోర్డన్ల కాలి తొడుగులు తెల్లగా ఉండేవి, వాటి గుండీలు మాత్రం నలుపు. సర్ జాన్ మూర్ అనే జనరల్ కోసం ఆ సంతాపం అంటారు. 1799లో హాలండ్ యుద్ధంలో మూర్ గాయపడి పడిపోతే ఇద్దరు గోర్డన్ సిపాయిలు మోసుకెళ్ళి కాపాడారు. కోలుకున్నాక ఆ ఇద్దరికీ ఇరవై పౌండ్లిస్తాను రమ్మని చాటించాడు. ఎవరూ రాలేదు. ఏడాదికి పైగా జీతం అది, వదిలేశారు. చచ్చిపోయారో, సిగ్గుపడ్డారో. మూర్ మాత్రం మర్చిపోలేదు. తనకి కులచిహ్నం రాయించుకునేటప్పుడు దానికి ఒక పక్కన గోర్డన్ సిపాయి బొమ్మ పెట్టించుకున్నాడు. 1809 జనవరి 16న స్పెయిన్‌లో కొరున్నా దగ్గర ఆయన గుండు తగిలి పోయినప్పుడు గోర్డన్లు అక్కడే ఉన్నారు. నల్లగుండీ ఎంత చిన్నదో చూడు, దాని వెనక ఇచ్చిపుచ్చుకోవడాలు ఎన్నున్నాయో చూడు.

అదే 1809లో సైన్యానికి జనం చాలక, కిల్టు చూసి ఇంగ్లీషు కుర్రాళ్ళూ ఐరిష్ కుర్రాళ్ళూ చేరడం లేదని పైవాళ్ళకి తోచింది. ఒక్క కాగితంతో ఆరు పటాలాల కిల్టులు ఊడదీయించి ప్యాంట్లు తొడిగించారు. అయిదు పటాలాలకే కిల్టు మిగిలింది. 1881లో పటాలాల్ని జతలు జతలుగా కలిపినప్పుడు, కోల్పోయినవాళ్ళలో కొందరికి మళ్ళీ కిల్టు దొరికింది. మధ్యలో డెబ్బై రెండేళ్ళు. అందరికీ దొరకని వస్తువుకి విలువ పెరుగుతుంది. అప్పుడు చూడాలి కుచ్చులూ రిబ్బన్లూ మెరుగులూ!

కత్తి సంగతి చెప్పలేదు కదూ. కుడికాలి మేజోట్లో పిడి మాత్రం కనబడేలా దోపే చిన్నకత్తిని స్కీన్ దూ అంటారు. పూర్వం దాన్ని చంక కింద కోటులోపల దాచుకునేవాళ్ళని, ఎవరింటికైనా అతిథిగా వెళితే, ఇదిగో నా దగ్గర ఉన్నదింతే అని మర్యాదగా బయటికి తీసి మేజోట్లో కనబడేలా పెట్టేవాళ్ళని పెద్దలు చెబుతారు. ఆయుధం తెచ్చుకోవడం తప్పు కాదు, దాచడం తప్పు. 1812 నాటి ఒక చిత్రంలో గ్లెన్‌గారీ నాయకుడి మేజోట్లో అది స్పష్టంగా కనిపిస్తుంది. పటాలాల్లో ఆఫీసర్లూ పైపులు ఊదేవాళ్ళూ దాన్ని పెట్టుకున్నారు. నడుముకి కట్టే పెద్ద బాకు వేరు. దాని ఒర చూశావంటే ముచ్చటేస్తుంది. ఒరమీదే రెండు చిన్న అరలు, ఒకదాంట్లో చాకు, ఇంకోదాంట్లో ఫోర్కు. మనిషిని పొడిచేదీ మాంసం ముక్క పొడిచేదీ ఒకే ఒరలో. పిడి కొసన కెయిర్న్‌గార్మ్ కొండల పసుపురాయి. బ్రిటన్ చట్టం బయట కత్తి పట్టుకు తిరగొద్దంటుంది గానీ, జాతీయ వేషంలో భాగమైతే సరేనంటుంది. విమానం ఎక్కేటప్పుడు మాత్రం పెద్దపెట్టెలో పెట్టు, చేతిసంచిలో పెట్టి నన్ను తిట్టుకోకు.

మోకాలి కింద వేలాడే ఎర్ర రిబ్బను తుంపులున్నాయే, అవి మేజోడు జారకుండా కట్టిన పట్టీ కొసలు. గజం పొడుగు నేత పట్టీని కాలికి చుట్టి ముడేస్తే కొసలు వేలాడేవి. ఇప్పుడు మేజోడుని పట్టి ఉంచేది ఎలాస్టిక్. కొసలు మాత్రం విడిగా కుట్టి వేలాడదీస్తున్నారు. పని చేసేది లోపల దాక్కుంది, పని లేనిది బయట ఊగుతోంది. లోకంలో మర్యాదలు చాలావరకు అంతేలే.

ఇక తలమీదికి వద్దాం. కిల్టు గురించి చెబుతూ తురాయి ఎందుకంటావేమో, తురాయి లేకుండా ఆ వేషం పూర్తి కాదు. బ్లాక్ వాచ్ టోపీకి ఎర్ర తురాయి ఉంటుంది. 1795 జనవరిలో హాలండ్‌లో గెల్డర్‌మాల్సెన్ దగ్గర గుర్రపుదళం వాళ్ళు వదిలేసి వచ్చిన రెండు ఫిరంగుల్ని వీళ్ళు వెళ్ళి తెచ్చారని, అందుకు అదే ఏడు జూన్ 4న రాజుగారి పుట్టినరోజున రాయ్‌స్టన్ అనే ఊళ్ళో ఎర్ర ఈకలు పంచారని వాళ్ళ పురాణం. పాత ఆర్డర్లు తిరగేసినవాళ్ళు, అంతకు ముందే అమెరికా యుద్ధంలో వీళ్ళు ఎర్ర ఈకలు పెట్టారు గదయ్యా అంటారు. ఆ మాట ముసలి సార్జెంటు దగ్గర అని చూడు, ఊరుకుంటాడా! ఏదైతేనేం, 1822లో ఆ ఎర్ర తురాయి ఈ ఒక్క పటాలానికే చెల్లుతుందని రాతపూర్వకంగా ఆర్డరొచ్చింది. జనవరి 5ని ఎర్ర తురాయి రోజని ఇప్పటికీ పండగ చేసుకుంటారు.

కోలిన్ క్యాంబెల్ అని ఒక జనరల్ ఉండేవాడు. గ్లాస్గో వడ్రంగి కొడుకు. 1854లో క్రైమియా యుద్ధంలో ఆల్మా నది దగ్గర గెలిచాక, ఏం కావాలో కోరుకోమన్నారు. జనరల్ టోపీ తీసేసి కొండసీమ పటాలాల ఈకల టోపీ పెట్టుకోనివ్వండి చాలన్నాడు. ఆ టోపీకి తురాయి ఎలా చేయించారో తెలుసా? ఆయన కింద మూడు పటాలాలు, 42, 79, 93. ఒకదానిది ఎరుపు, రెండింటిది తెలుపు. పైన మూడోవంతు ఎరుపు, కింద రెండువంతులు తెలుపు. ఎవరికీ కోపం రాకుండా వడ్రంగి కొడుకు కొలత వేసి పంచాడు. ఈయనే తరవాత 1857లో లక్నో మీదికి వచ్చాడు. 93వ పటాలం కిల్టులతోనే సికందర్‌బాగ్‌లోకి చొరబడింది. అక్కడ పోయినవాళ్ళు మనవాళ్ళు. ఆ సంగతి మర్చిపోయి కుచ్చుల అందం చెప్పుకుంటే పాపం తగులుతుంది.

మనవాళ్ళంటే ఇంకో సంగతి. 1803 సెప్టెంబర్ 23న మరాఠా దేశంలో అసయీ అనే ఊరి దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. కుంపిణీ తరఫున 74, 78 నంబర్ల కొండసీమ పటాలాలు, వాళ్ళ పక్కనే మద్రాసు సిపాయి పటాలాలు. మద్రాసు పటాలాలంటే అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు. గెలిచినందుకు ఇద్దరికీ ఏనుగు గుర్తు దక్కింది. తరవాత ఆ 78 కలిసిన సీఫోర్త్ పటాలం సిపాయిల కోటు కాలర్ మీద ఆ ఏనుగు ఎక్కి కూర్చుంది. ఈ రోజుకీ మన మద్రాస్ రెజిమెంట్ గుర్తులో అదే ఏనుగు. అక్కడ కొండల్లో ఏనుగు లేదు, పుట్టదు. చలిదేశపు సిపాయి కాలర్ మీదా, మన గుంటూరు కుర్రాడి టోపీ మీదా ఒకటే ఏనుగు నిలబడింది. ఇంకో వింత, మన సైన్యంలో ఇప్పటికీ బ్యాగ్‌పైపులు ఊదుతూ భుజాన టార్టన్ గుడ్డ వేసుకునే బ్యాండ్లున్నాయి. మా చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో అలాంటి బ్యాండు వెళుతుంటే, వెనక పిల్లలం అడుగులు కలుపుతూ నడిచేవాళ్ళం. ఇప్పుడైతే ఆ పైపులూ తిత్తులూ చాలావరకు తయారయ్యేది పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో.

యుద్ధంలో ఈ అలంకారాలు ఏమయ్యాయంటావా? తుపాకులు దూరం కాల్చడం నేర్చాక కుచ్చుల పని అయిపోయింది. దక్షిణాఫ్రికాలో బోయర్ల యుద్ధంలో తిత్తులు తీయించి, ముదురు కిల్టు కనబడకుండా ముందువైపు ఖాకీ గుడ్డ కట్టించారు. 1899 డిసెంబర్ 11న మాగర్స్‌ఫాంటైన్ దగ్గర గుళ్ళవానకి రోజంతా బోర్లా పడుకోవాల్సి వచ్చింది. ఖాకీ ముందుంది, ఎండ వెనక ఉంది. మోకాళ్ళ వెనక చర్మం కాలి బొబ్బలెక్కి, బతికినవాళ్ళలో చాలామంది నడవలేకపోయారు. మొదటి ప్రపంచయుద్ధం కందకాల్లో ఇంకా ఘోరం. ఏడెనిమిది గజాల ఉన్ని బురద పీల్చుకుని బరువెక్కేది, చలికి అంచు గడ్డకట్టి మోకాలి వెనక కోసేది, కుచ్చికో పేను సంసారం. అయినా వదిలారా? లేదు.

1940లో ఇక వదలాల్సిందే అన్నారు. కిల్టులతో యుద్ధంలో దిగిన ఆఖరి పటాలం కామరాన్లేనని చెబుతారు. ఆ ఏడే వాళ్ళకి ఆరో జార్జ్ రాజు నీలం తురాయి మంజూరు చేశాడు. కిల్టు తీసుకుని ఈక ఇచ్చాడు. పిల్లాడి చేతిలో కత్తి లాక్కుని బెల్లంముక్క పెట్టినట్టు. వాళ్ళు ఆ బెల్లంముక్కనే నెత్తిన పెట్టుకున్నారు.

అందరూ వదిలినా ఒక్కడు వదల్లేదు. బిల్ మిలిన్ అని ఇరవై ఒక్కేళ్ళ పైపర్. 1944 జూన్ 6న నార్మండీలో స్వోర్డ్ బీచ్ దగ్గర పడవలోంచి నీళ్ళలో దూకాడు. ఒంటిమీద వాళ్ళ నాన్న మొదటి యుద్ధంలో కట్టిన కామరాన్ కిల్టు. ఆయుధమంటే మేజోట్లో ఆ చిన్నకత్తి ఒక్కటే. చల్లటి నీళ్ళలో కిల్టు చుట్టూ తేలుతుంటే పైపు ఊదుకుంటూ ఒడ్డెక్కి, గుళ్ళమధ్య ఇసుకలో అటూ ఇటూ పచార్లు చేశాడు. పైపర్లు యుద్ధరంగంలో ఊదకూడదని అప్పటికి ఆర్డరుంది. అది ఇంగ్లీషువాళ్ళ ఆర్డరు, మనం స్కాట్లం అని ఆయన కమాండరు లార్డ్ లోవాట్ తోసిపుచ్చాడు. వీడెవడో పిచ్చివాడని జర్మన్లు కాల్చలేదట. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడన్న సామెత ఒక్కోసారి ప్రాణం కాపాడుతుందిరా.

పిన్నీసు మిగిలిపోయింది కదూ. విక్టోరియా రాణి ఓ గాలిరోజున పరేడు చూస్తోందట. ఓ కుర్ర సిపాయి కిల్టు అంచు ఎగిరిపోతూ, తుపాకీ వదలకూడదు గనక పాపం బిగుసుకుపోయి నిలబడ్డాడట. రాణిగారు తన ఒంటిమీది పిన్ను తీసి స్వయంగా గుచ్చిందట. వినడానికి బాగుంది, రుజువైతే లేదు. రుజువున్న కథ ఇంకొకటుంది. వాల్టర్ హంట్ అని న్యూయార్క్ మనిషి, పదిహేను డాలర్ల అప్పు తీర్చలేక ఒక తీగముక్కని అటూ ఇటూ వంచుతూ కూర్చుని పిన్నీసు కనిపెట్టాడు. 1849లో పేటెంటు వచ్చింది. నాలుగువందల డాలర్లకి హక్కు అమ్మేసి అప్పు తీర్చుకున్నాడు. కొన్నవాడు ఎంత సంపాదించి ఉంటాడో ఊహించుకో. మా అమ్మ మంగళసూత్రానికి ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడేవి, వాటిలో ఒక్కదానికైనా హంట్‌కి కాసు ముట్టలేదు. కిల్టు పిన్నీసు పై పొరకే గుచ్చాలి, కింది పొర కలిసిందంటే కూర్చున్నప్పుడు బట్ట చిరుగుతుంది. కిల్టు కింద ఏం వేసుకుంటారన్న ప్రశ్న నీ నాలుక చివర ఉందని నాకు తెలుసు. మింగెయ్. పెద్దవాళ్ళ దగ్గర అడిగేది కాదు.

ఇప్పుడు అసలు మాట. 2006 మార్చిలో స్కాట్లండ్ కాల్బలపు పటాలాలన్నీ కలిపి ఒకే రెజిమెంటు చేశారు. మూడువందల ఏళ్ళ పేర్లు, నంబర్లు, తగవులు, అన్నీ ఒక్క కాగితం కింద. టోపీ గుర్తు ఒక్కటే, టార్టన్ ఒక్కటే. రిటైరైన ముసలి సిపాయిలు వీధుల్లోకి వచ్చారు. అధికారులకి లెక్కలున్నాయి, వెనక్కి తగ్గలేదు. ఒక్క తురాయి దగ్గర మాత్రం ఎందుకో కలం ఆగింది. బ్లాక్ వాచ్ వాళ్ళకి ఎరుపు, హైలాండర్లకి నీలం, ఆర్గైల్ వాళ్ళకి ఆకుపచ్చ, ఫ్యూజిలియర్లకి తెలుపు, బోర్డరర్లకి నలుపు. ఎవరి రంగు వాళ్ళకి ఇచ్చారు. రంగువేసిన ఈక, రెండంగుళాలో మూడంగుళాలో ఉంటుంది. దానితో గుండు ఆగదు, చలి ఆగదు. పటాలాన్ని రద్దు చెయ్యడానికి ఒక సంతకం చాలింది, ఆ ఈక తీయించడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు.